రెండిళ్ళ మధ్య తాడు

"ముందు ఆ పీట తీయమ్మా."

"తీయను. మాట పూర్తి కానీ."

చక్రధర్‌కీ, అతని తల్లి నాంచారమ్మకీ మధ్య కప్పులోంచి దిగుతున్న మౌనతెర సగంలో ఆగిపోయి గుర్రుమంటోంది. నాంచారమ్మ తన చెక్కపీటను దాని కింద నిలువుగా నిలబెట్టింది. ఇంట్లో గొంతులు ఒక హద్దు దాటితే ఆ తెర దానంతటదే దిగుతుంది. ఒకరి మాట ఒకరికి వినిపించదు. కాసేపటికి ఇద్దరూ చల్లబడతారు, తెర పైకి పోతుంది. నాంచారమ్మకు ఆ పద్ధతి పడదు. సగం తిట్టు గొంతులో పెట్టుకుని పడుకుంటే తిన్నది అరగదని ఆమె వాదన.

"రెండిళ్ళ మధ్య తాడు కట్టకూడదని నీకు తెలియదా?" అన్నాడు చక్రధర్, తెర కిందినుంచి వంగి చూస్తూ.

"అంత ఎండ ఊరికే పోతా ఉంటే బట్టలు పెట్టెలో ఆరబెట్టుకునే ఖర్మేందిరా మనకి? నీ చొక్కా వాసన చూసుకో. కాలిన రేకు వాసన."

"చొక్కా సంగతి తర్వాత. తాడు ఉంటే ఇల్లు కదలదు. పొద్దున్నుంచీ సారథి ఒకటే గోల."

"ఇప్పుడెక్కడికి కదలాల? ఎవరన్నా తరుముతున్నారా?"

"తరిమేటప్పుడు తాడు విప్పుతూ కూర్చుంటామా?"

గోడలోంచి, ఇంటిని నడిపే సారథి గొంతు ఎంతో మర్యాదగా పలికింది. "తూర్పువైపు రెండిళ్ళను కలుపుతూ తాడు ఉంది. దయచేసి విప్పండి."

"విన్నావా?" అన్నాడు చక్రధర్.

"చేతులుంటే దాన్నే విప్పుకోమను," అంది నాంచారమ్మ.

వంటగట్టు దగ్గర గోంగూర వలుస్తున్న హైమ ఇద్దరి వైపూ చూసింది. ఆ ఇంట్లో ఇలాంటి తగువు ఎప్పుడూ చివరికి ఆమె ఒళ్ళోనే వచ్చి పడుతుంది. "అత్తయ్యా, ఈ ఒక్కటీ వినండి. నిబంధన నిబంధనే కదా," అంది.

"ఆ నిబంధనల ఆఫీసులోనే పని చేసేదానివి, ఇంకేమంటావులే," అంటూ నాంచారమ్మ పీట లాగేసింది. తెర చప్పున దిగింది. దాని అవతల ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

హైమ బయటికి వెళ్ళి తాడు విప్పింది. వలలకు వాడే నీలం తాడు. పక్కింటి సువార్తే ఇచ్చింది. సగం ఆరిన బట్టలను బకెట్లో వేసుకుంటుంటే, సువార్త కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏందక్కా, అప్పుడే తీసేస్తున్నారు? మా గోడకేం నొప్పి లేదే."

"మీ గోడకి లేదు సువార్తా. మా ఇంటికే ఉంది."

సువార్త నవ్వింది. తాడుకట్ట మాత్రం నాంచారమ్మ తన మంచం కింద దాచుకుంది. బట్టలను ఆరుపెట్టెలో వేయనివ్వలేదు. బకెట్టు గడప పక్కనే ఉండిపోయింది.

ఇళ్ళకు చక్రాలు రావడం హైమ పుట్టకముందే మొదలైంది. సముద్రం ఏటేటా ముందుకు జరుగుతూ ఒడ్డు మీది ఊళ్ళను కొరుక్కు తింటుంటే, పునాదులు వేసి లాభం లేదని జనానికి తెలిసొచ్చింది. అప్పుడు వచ్చినవే ఈ నడకిళ్ళు. కప్పు మీద ఎండపలకలు, కింద ఆరు చక్రాలు, ఇసుకలో దిగబడే నాలుగు లంగరు మేకులు. తుఫాను హెచ్చరిక రాగానే మేకులు పైకి లాక్కుని ఇల్లు తనే మెట్టకు వెళ్ళిపోతుంది. బారువ నుంచి తడ వరకు తీరం పొడుగునా మజిలీలు వెలిశాయి. మజిలీలో ఇంటికి నీళ్ళు ఉంటాయి, పిల్లలకు బడి ఉంటుంది, సాయంత్రం చేపల సంత ఉంటుంది. పని ఎక్కడుంటే ఇల్లు అక్కడ ఉంటుంది. చక్రధర్‌ది మడచెట్లు నాటించే ఉద్యోగం కాబట్టి అతనికి తీరం మొత్తం ఆఫీసే.

తుఫాను నుంచి తప్పించుకోవడం నేర్చిన ఇళ్ళకు తగువు నుంచి తప్పించుకోవడం నేర్పడం పెద్ద పని కాలేదు. ఆ ఏర్పాటు పేరు పొందిక. ప్రతివాళ్ళ మణికట్టుకూ ఒక తాయెత్తు ఉంటుంది. నాడి వేగం, గొంతు పెరగడం, చెయ్యి ఎత్తడం, అన్నీ దానికి తెలుస్తాయి. ఇరుగుపొరుగు మధ్య పొందిక తగ్గితే, సారథులు తమలో తాము మాట్లాడుకుని, వెనక వచ్చిన ఇంటికి మరో మజిలీ చూస్తాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. తెల్లారేసరికి ఇల్లు వేరే ఒడ్డున ఉంటుంది, కిటికీలో కొత్త పొరుగు ఉంటుంది. పొరుగు తగాదాల కేసులు కోర్టుల్లో కనిపించక ఒక తరం గడిచింది. ఇది చిన్న సంగతి కాదని హైమకు తెలుసు. అలా ఇల్లు మారిన కుటుంబాలకు ఫోన్ చేసి కుశలం అడగడమే పొందిక కేంద్రంలో ఆమె ఉద్యోగం. "కొత్త మజిలీలో అంతా సౌకర్యంగా ఉందా అండీ?" అని అడిగితే, "చాలా బాగుందమ్మా," అనే జవాబు తప్ప ఆమె ఇంతవరకు ఇంకోటి వినలేదు.

వాడరేవు మజిలీకి వాళ్ళు వచ్చింది వానలు వెనకబట్టాక. ఇప్పుడు మామిడిపూత రాలిపోతోంది. ఇన్నాళ్ళు ఒకేచోట ఎప్పుడూ ఉండలేదు. దానికి కారణం సువార్త కూతురు రూతు. ఎనిమిదేళ్ళ తరళకు సరిగ్గా ఈడూ జోడూ. పొద్దున బడి అయ్యాక ఇద్దరూ ఇసుక మీదే ఉంటారు. రూతు తండ్రి ఏలియా వేటకు పోతూ వాళ్ళకు ఒక పాత ఐసుపెట్టె ఇచ్చాడు. అందులో ఒక పీతను పెంచుతున్నారు. ఒక డెక్క ఎప్పుడూ పైకెత్తి అటూ ఇటూ తనిఖీ చేస్తున్నట్టు తిరుగుతుందని దానికి కలెక్టరుగారు అని పేరు పెట్టింది రూతు. మధ్యాహ్నం అన్నంలో ముందు ఒక మెతుకు కలెక్టరుగారికి తీసిపెట్టాకే ఇద్దరూ తినేవాళ్ళు.

తాడు విప్పిన రోజు మధ్యాహ్నమే గొడవ జరిగింది. హైమ ఫోన్‌లో ఎవరినో కుశలం అడుగుతుండగా, తరళ అరుపు వినిపించింది. వెళ్ళి చూసేసరికి ఐసుపెట్టె బోర్లా పడి ఉంది. రూతు ఇసుకలో కూర్చుని కాళ్ళు కొట్టుకుంటూ ఏడుస్తోంది. తరళ ముంజేతి మీద పళ్ళ గుర్తులు ఎర్రగా, గుండ్రంగా లేచాయి.

"కలెక్టరుగారిని సముద్రంలో వదిలేసింది," అంది రూతు వెక్కుతూ. "నేను నీళ్ళు తేవడానికి పోతే వదిలేసింది."

"ఎందుకు వదిలావు?" అంది హైమ.

తరళ చెయ్యి వెనక్కి దాచుకుంది. "రాత్రిళ్ళు వాళ్ళింట్లోనే ఉంచుకుంటుంది. ఒక్క రాత్రి కూడా నాకివ్వదు."

సువార్త పరుగున వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. హైమ కూతుర్ని చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. తలుపు పూర్తిగా మూసుకోకముందే సారథి చెప్పింది.

"పొరుగింటితో పొందిక తగ్గింది. మైపాడు మజిలీలో మంచి చోటు దొరికింది. రేపు తెల్లవారుజామున బయలుదేరుదాం."

"మైపాడా?" అన్నాడు చక్రధర్ లోపలి గదిలోంచి. "మంచిదేగా. ఎలాగూ వచ్చే నెల నుంచి నా మొక్కలు అక్కడే."

నాంచారమ్మ మనవరాలి చేతికి పసుపు అద్దుతూ, "పీత కోసం ఊరు మారతారంటరా ఎవరన్నా?" అని గొణిగింది. చక్రధర్ వినిపించుకోలేదు.

హైమ అనుకున్నది తరళ ఏడుస్తుందని. కానీ తరళ ఏడవలేదు. పసుపు ఆరకముందే తన గదిలోకి వెళ్ళి బొమ్మలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇల్లు కదిలేటప్పుడు ఏవి పడిపోతాయో, ఏవి పడిపోవో ఆ పిల్లకు బాగా తెలుసు. గవ్వల డబ్బా అడుగున, దాని మీద మెత్తని దుప్పటి, పుస్తకాలు నిలువుగా. ఏళ్ళ తరబడి చేసిన పనిలా ఉంది ఆ చేతుల కదలిక. గుమ్మంలో నిలబడి చూస్తున్న హైమకు అదే నచ్చలేదు.

"చెయ్యి నొప్పిగా ఉందా?"

"లేదు."

"మైపాడులో ఇసుక ఇంకా బావుంటుందట."

తరళ తల ఊపింది. "అమ్మా, మైపాడు వెళ్ళేటప్పుడు రామాయపట్నం మీదుగా వెళ్తామా?" అంది.

"వెళ్తామేమో. ఎందుకు?"

"అక్కడ సాదిక్ ఉన్నాడుగా. వాడి గాలిపటం నేనే చింపాను." తరళ ఒక బొమ్మ జుట్టు సరిచేస్తూ చెప్పుకుపోయింది. "ఉప్పాడలో మేఘమాల ఉంది. దాన్ని నత్తి అని వెక్కిరించాను. భీమిలిలో కవలలిద్దరూ. వాళ్ళే ముందు కొట్టారు, కానీ నేను గట్టిగా కొట్టాను. వాళ్ళందరికీ నామీద ఇంకా కోపమేనా?"

"ఎప్పటి సంగతులే అవి. వాళ్ళెప్పుడో మర్చిపోయుంటారు."

"నీకెట్లా తెలుసు? అడిగావా?"

 రోజంతా అడగడమే హైమ పని. పిల్లలకు ఫోన్ ఇమ్మని ఆమె ఏనాడూ అనలేదు.

"మనం వచ్చేసేటప్పుడు వాళ్ళు కోపంగానే ఉన్నారు," అంది తరళ. "తర్వాత నేను చూడలేదు. అందుకని నాకు వాళ్ళు అట్లాగే కనిపిస్తారు. సముద్రం పొడుగునా నామీద కోపంగా ఉన్న పిల్లలేనమ్మా. ఇప్పుడు రూతు కూడా."

చెప్పి మళ్ళీ పుస్తకాలు సర్దుకుంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. లెక్క చెప్తున్నట్టు కూడా లేదు. ఆకాశం నీలంగా ఉంటుంది అన్నట్టు చెప్పింది.

హైమ మంచం అంచున కూర్చుంది. తన చిన్నతనం గుర్తొచ్చింది. అప్పటికే ఇళ్ళు తగువుకు జరిగిపోవడం మొదలుపెట్టాయి. తను కూడా ఎవరితోనూ పోట్లాడి మళ్ళీ కలవలేదు. ఆ అవసరమే రాలేదు. ఎవరితోనైనా మాట తేడా వస్తే, రేపు కొత్త ఊళ్ళో ఉంటాం కదా అనుకుని నిద్రపోయేది. ముప్ఫై అయిదేళ్ళ మనిషికి, కోపం వచ్చిన పొరుగింటి గుమ్మం ఎక్కి ముందు ఏ మాట అనాలో తెలియదు. తెలియదన్న సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియలేదు.

లేచి బయటికి నడిచింది.

సువార్త తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. హైమను చూసి తల ఎత్తి, మళ్ళీ చేపల వైపు వంగింది. హైమ నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది.

"మా పాప వల్ల మీకు ఏమైనా అసౌకర్యం కలిగి ఉంటే..."

"అసౌకర్యమా?" సువార్త చేట పక్కన పెట్టింది. "అదేం మాటక్కా, రైలు లేటయినట్టు! నా పిల్ల మధ్యాన్నం నుంచి ముద్ద ముట్టలేదు. ఆ పెట్టెని కౌగిలించుకుని పడుకుంది."

"నా పిల్ల చెయ్యి చూశావా మరి? పళ్ళు దిగిపోయాయి."

"ఊరికే కరుస్తదా? అడక్కుండా తీసుకుపోతే దొంగతనం కాదా?"

"దొంగతనమేంటి! పీతని సముద్రంలో వదిలితే దొంగతనమంటావా? అది సముద్రం సొమ్మే కదా!"

"ఆహా! మరి ఆ సముద్రం సొమ్ముకి రోజూ మీరు కూడా మెతుకు తీసిపెట్టారే, అప్పుడేమయింది ఈ న్యాయం?"

"నీ కూతురు ఒక్క రాత్రి మా పిల్లకిచ్చుంటే ఇంత జరిగేదా?"

"మీ ఇల్లు ఎప్పుడు లేచిపోద్దో తెలీదు గదక్కా! ఇచ్చినాక పీతతో సహా లేచిపోతే నా పిల్ల ఎవరిని అడగాల?"

గొంతులు మజిలీ అంతా వినిపించాయి. ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బయట ఇద్దరు ఆడవాళ్ళు మొహాలు ఎర్రబడేలా అరుచుకోవడం అక్కడి పిల్లల్లో చాలామంది చూసి ఎరగరు. ఎదురింటి ముసలాయన మడతకుర్చీ తెచ్చి వేసుకుని మరీ కూర్చున్నాడు. "ఎన్నాళ్ళయిందో ఇట్టాంటిది చూసి," అన్నాడు తృప్తిగా. నాంచారమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది కానీ ఆపే ప్రయత్నమేమీ చేయలేదు.

ఆపింది సారథి. "పొందిక మరింత తగ్గింది. ప్రయాణాన్ని ముందుకు జరిపాను. చీకటి పడేలోగా బయలుదేరుదాం."

హైమ ఇంటి వైపు తిరిగి చూసింది. సువార్త చేట తీసుకుని లేచింది.

"సరేలే. పోయేవాళ్ళతో తగువేంది నాకు," అని లోపలికి వెళ్ళిపోయింది.

హైమకు ఆ ఒక్క మాట మిగతా తిట్లన్నిటికంటే గట్టిగా తగిలింది. ఇప్పటిదాకా సువార్త తనను తిట్టింది. ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది.

ఇంటి కింద ఏదో కదిలిన చప్పుడు. మొదటి లంగరు మేకు ఇసుకలోంచి పైకి రావడం మొదలైంది. లోపల చక్రధర్ గిన్నెలు అరల్లోకి తోసి చిలుకులు పెడుతున్నాడు. తరళ కిటికీ దగ్గర తన కుర్చీలో పట్టీ బిగించుకుని కూర్చుంది.

"అత్తయ్యా," అంది హైమ, "తాడెక్కడ?"

నాంచారమ్మ కోడలి మొహంలోకి చూసింది.  మంచం కిందికి వంగి తాడుకట్ట తీసి చేతిలో పెట్టింది.

హైమ ఒక కొస తన ఇంటి కొక్కేనికి కట్టింది. రెండో కొస పట్టుకుని ఇసుక దాటి సువార్త ఇంటి కిటికీ చువ్వకు కట్టబోయింది.  ముడి వేసినప్పుడల్లా జారిపోతోంది. రెండో మేకు కూడా లేచాక ఒక ముడి ఎలాగో నిలిచింది.

"తూర్పువైపు రెండిళ్ళను కలుపుతూ తాడు ఉంది," అంది సారథి. "దయచేసి విప్పండి."

మేకులు ఆగిపోయాయి. వెనకటికి ఎక్కడో ఒక ఇల్లు తాడుతో సహా కదిలి పక్కింటి గోడ లాగేసిందట. అప్పటి నుంచి ఏ ఇల్లూ మరో ఇంటికి కట్టి ఉండగా అడుగు వేయదు. విప్పమని అడగడమే దానికి తెలుసు. చక్రాలు ఆరున్నా చేతులు లేవు.

కిటికీ తెరుచుకుంది. సువార్త చువ్వ దగ్గరి ముడిని చూసింది.

"ఏందక్కా ఇది?"

"బట్టలు ఆరేయాలి."

"పొద్దు గూకతా ఉంటే బట్టలారేస్తారా ఎవరన్నా?"

"పొద్దుటి నుంచి బకెట్లోనే ఉన్నాయి. తడిగా ఉన్నాయి." హైమ కిటికీకి దగ్గరగా జరిగింది.  "ఈ కొస మీ ఇంటికే ఉంది సువార్తా. నీకిష్టం లేకపోతే విప్పేయ్. నేనేమీ అనుకోను. కాదు, అనుకుంటాను. అయినా విప్పొచ్చు."

 సువార్త కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి ముడి విప్పింది. హైమ ఒక అడుగు వెనక్కి వేసింది. సువార్త తాడును చువ్వ చుట్టూ రెండు మెలికలు తిప్పి, కొసను కిందినుంచి దూర్చి, ఒక్క గుంజు గుంజింది. తాడు వీణతీగలా బిగిసింది.

"మీరేసిన ముడికి మేకపిల్ల కూడా ఆగదు," అంది. "మా ఆయన పడవని ఇట్టా కడతాడు."

కాసేపటికి ఆమె రూతు గౌను పట్టుకుని బయటికి వచ్చింది. మధ్యాహ్నం ఇసుకలో పొర్లిన గౌను, ఉతికి పిండి ఉంది. తాడు మీద తన వైపు వేసి క్లిప్పు పెట్టింది. హైమ బకెట్టు తెచ్చి తన వైపు నుంచి ఆరేయడం మొదలుపెట్టింది. చక్రధర్ చొక్కాలు, అత్తగారి చీర, తరళ పరికిణీ. ఇద్దరూ క్షమాపణ మాట ఎత్తలేదు. తాడు మధ్యలో కలిసినప్పుడు సువార్త, "ఆ చీర మడత విప్పి వేయండక్కా, లేకపోతే ముక్కిపోద్ది," అంది.

కుర్చీ వేసుకున్న ముసలాయన, ఇక చూసేదేమీ లేదని కుర్చీ మడిచేశాడు.

సువార్త వెనక రూతు నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. మెట్ల మీదికి వచ్చిన తరళను చూడగానే చిటికెనవేలు ముందుకు చాచి, "పచ్చి," అంది గట్టిగా.

తరళ బిత్తరపోయి నాయనమ్మ వైపు తిరిగింది. "ఏంటది?"

నాంచారమ్మ మొహం విప్పారింది. "ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మమ్మ," అంది రూతు, వేలు దించకుండానే.

"పచ్చి అంటే నీతో మాట్లాడనని," చెప్పింది నాంచారమ్మ మనవరాలికి. "జట్టు కట్టేదాకా మాట్లాడదు. రేపు పొద్దున కూడా నీకు ఆ వేలే చూపిస్తది."

"రేపు పొద్దునా?" తరళ రూతునూ, తాడునూ, మళ్ళీ రూతునూ చూసింది. "రేపు పొద్దున ఇక్కడే ఉంటుందా?"

"ఉంటేనే గదే చూపించేది!"

తరళ మెట్లు దిగి ఇసుకలోకి వచ్చింది. రూతుకు కొంచెం దూరంలో ఆగి, ఆ చిటికెనవేలిని జాగ్రత్తగా చూసింది. ఇన్నేళ్ళలో, తగువయ్యాక కూడా, తనమీద కోపం ఉన్న మనిషి తన కళ్ళెదుట నిలబడటం ఆ పిల్లకు ఇదే మొదటిసారి. రూతుకు కోపం వచ్చింది, ముక్కు కారుతోంది, కాలితో ఇసుక గీస్తోంది. అంతే. ఇంకేమీ భయంకరంగా లేదు.

"ఎల్లుండి కూడా చూపిస్తావా?" అంది తరళ.

"చూపిస్తా! అవతలెల్లుండి కూడా!" అంది రూతు.

"సరే," అంది తరళ. మధ్యాహ్నం నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. హైమ కూతురి దగ్గరికి వెళ్ళబోయింది. నాంచారమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నారు. అరల్లో పెట్టి చిలుకులు వేసిన గిన్నెలు మళ్ళీ బయటికి వచ్చాయి. కిటికీ బయట చీకట్లో చొక్కాలు సముద్రపు గాలికి కొట్టుకుంటున్నాయి. సారథి మళ్ళీ ఒకసారి తాడు విప్పమంది. నాంచారమ్మ అన్నం వడ్డించుకుంది.

"వచ్చే నెల నుంచి నా మొక్కలు మైపాడులో కదా హైమా," అన్నాడు చక్రధర్.

"బస్సులు ఉన్నాయిగా. సోమవారం వెళ్ళి శుక్రవారం రా. మీ నాన్న అట్లాగే తిరిగేవారట, అత్తయ్య చెప్పారు."

"మీ ఆఫీసుకి ఏం చెబుతావు? పొందిక కేంద్రంలో పనిచేసే మనిషే తాడు కట్టుకుని కూర్చుందంటే?"

"అదే చెబుతాను. రేపటి నుంచి నేను ఫోన్ చేసిన ప్రతి ఇంట్లోనూ పిల్లలకి ఫోన్ ఇమ్మంటాను. వాళ్ళు ఏం చెప్తే అది రాసి పంపిస్తాను. ముందు రామాయపట్నం సాదిక్‌తో మొదలుపెడతాను."

తరళ ముద్ద చేతిలో పట్టుకుని తల్లి వైపు చూసింది.

"అడక్కుండా నువ్వే అంతా నిర్ణయించేసుకున్నావన్నమాట!" చక్రధర్ గొంతు లేచింది. "నేనొకణ్ణి ఉన్నానని..."

కప్పులో చిన్న చప్పుడయింది. వాళ్ళిద్దరి మధ్యకు మౌనతెర దిగడం మొదలైంది. నాంచారమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. పప్పులో నెయ్యి వేసుకుంటూ కొడుకు వైపు మాత్రం ఓరగా చూసింది. తెర హైమ మొహం దాకా వచ్చింది. మెడ దాకా వచ్చింది.  చక్రధర్ పక్కనున్న పీటను కాలితో తెర కిందికి తోసి, చేత్తో నిలువుగా నిలబెట్టాడు. తెర గుర్రుమని ఆగిపోయింది.

"నా మాట ఇంకా అవలేదు," అన్నాడు, కింది నుంచి వంగి భార్యను చూస్తూ. "ఆ బట్టలు ఆరేదాకానా ఇక్కడ?"

"అవును. ఆరేదాకా," అంది హైమ.

"ఎప్పటికి ఆరతాయి?"

హైమ అందరి కంచాల వైపూ చూసింది. అత్తగారి కంచంలో గోంగూర అయిపోయింది. గిన్నె అందుకుని వడ్డిస్తూ, గొంతు పెంచకుండా, అందరికీ కలిపి చెప్పింది.

"రేపు దుప్పట్లు ఉతుకుతాను. ఎల్లుండి కిటికీ తెరలు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి ఉతుకుతాను."